బాలాంత్రపు రజనీకాంతరావు: రేడియోలో పాటలు వినిపించారు.. వాటి చరిత్రా రాశారు!

నూజివీడు అనగానే చిన్న రసాలు గుర్తొస్తాయి. సంగీతం తెలిసిన వాళ్లకైతే పనస చెక్కతో చేసే నూజివీడు వీణ కూడా. ఈ మామిడి తోటల ఊళ్లలో ఒకప్పుడు చాలామందికి విజయవాడ రేడియోలో వచ్చే 'భక్తిరంజని'తోనే తెల్లారేది. ఇంట్లో పెద్దవాళ్లను అడిగితే ఆ పాటలు ఇప్పటికీ పాడి వినిపిస్తారు. మరి ఆ కార్యక్రమాన్ని మొదలుపెట్టింది ఎవరు? అది మాత్రం చాలామంది చెప్పలేరు. ఆయనే బాలాంత్రపు రజనీకాంతరావు. శ్రోతలకు 'రజని'.

ఎవరీ రజని?

1920 జనవరి 29న నిడదవోలులో పుట్టారు. తండ్రి వెంకటరావు జంట కవులు 'వేంకట పార్వతీశ కవుల్లో' ఒకరు. అలా కవిత్వం ఇంట్లోనే ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తెలుగు చదువుకుని 1941లో మద్రాసు రేడియోలో చేరారు. అప్పటికి విజయవాడ కేంద్రం ఇంకా రాలేదు. అది 1948 డిసెంబర్ 1న మొదలైంది.

1947 ఆగస్టు 15న దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన వేళ మద్రాసు రేడియోలో టంగుటూరి సూర్యకుమారి పాడిన 'మాదీ స్వతంత్ర దేశం' రజనీ పాటే. సినిమాకీ రాశారు. 1945లో వచ్చిన 'స్వర్గసీమ'లో భానుమతి పాడిన పావురమా పాట ఆయనదే. రేడియోలో లలిత సంగీతానికి దారి వేసిన వాళ్లలో ఆయన ముందుంటారు.

అసలు పని ఇదీ..

పాట రాసి, బాణీ కూడా తానే కట్టేవారిని వాగ్గేయకారుడు అంటారు. మాటను 'మాతువు' అని, బాణీని 'ధాతువు' అని పిలుస్తారు. అన్నమయ్య, క్షేత్రయ్య, రామదాసు, త్యాగరాజు అంతా ఈ కోవలోని వాళ్లే. ఇక్కడే ఒక చిక్కుంది. సాహిత్యం వాళ్లు మాట చూస్తారు, సంగీతం వాళ్లు బాణీ చూస్తారు. రెండూ కలిపి చరిత్ర చెప్పాలంటే రెండూ తెలిసిన మనిషి కావాలి.

రజనీకి రెండూ తెలుసు. పైగా ఆయనే స్వయంగా పాటలు రాసి బాణీలు కట్టేవారు. అందుకే 'ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము' రాయగలిగారు. ఈ పుస్తకానికి 1961లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది.

పుస్తకంలోని చరిత్ర రేడియోకీ పనికొచ్చింది. కీర్తనలు, తత్వాలు, పదాలు.. పండితుల మధ్యే ఆగిపోకుండా చదువు రాని వాళ్ల చెవికీ చేరాయి. పొలం పనికి వెళ్లే మనిషి టికెట్ కొని కచేరీకి వెళ్లక్కర్లేదు. పొయ్యి దగ్గర రేడియో పెట్టుకుంటే చాలు.

విజయవాడ కేంద్రానికి డైరెక్టర్‌గానూ ఆయన పనిచేశారు. పాటలను 'శతపత్ర సుందరి'గా, జీవితాన్ని 'రజనీ ఆత్మకథా విభావరి'గా పుస్తకాల్లో పెట్టారు. 2018 ఏప్రిల్ 22న విజయవాడలో 98 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఎందుకు గుర్తుంచుకోవాలి?

రేడియో పాట గాల్లో వచ్చి గాల్లోనే పోతుంది. పాడిన గొంతు గుర్తుంటుంది, రాసిన పేరు జారిపోతుంది. వందల ఏళ్ల నాటి వాగ్గేయకారుల పేర్లు అలా జారిపోకూడదనే రజని అంత పెద్ద పుస్తకం రాశారు. ఇప్పుడు అదే పరిస్థితి ఆయన పాటలకూ వచ్చింది. యూట్యూబ్‌లో ఓ పాత రేడియో పాట నచ్చి వాట్సాప్‌లో పంపేటప్పుడు, కింద రాసిన వాళ్ల పేరు కూడా ఒక్క లైన్ టైప్ చేస్తే చాలు. ఆ పేరు ఇంకొకరికి చేరుతుంది.