గుండె గోడ కదిలిందా, లేదా? ఒక్క పిక్సెల్ తేడా

రెజ్యూమెలో ‘మెడికల్ ఇమేజింగ్ ప్రాజెక్టు, కచ్చితత్వం 96 శాతం’ అని రాసుకుని మొదటి ఇంటర్వ్యూకి వెళ్లాను. ఎదురుగా కూర్చున్న మేడమ్ ఒకటే అడిగారు: ‘ఒకే పేషెంటు స్లైసులు ట్రైనింగ్‌లోనూ, టెస్టులోనూ ఉన్నాయా?’ ఉన్నాయి. అది తప్పని కూడా నాకప్పటికి తెలీదు. ఉద్యోగం రాలేదు. ఫైనలియర్ ప్రాజెక్టుకు గుండె ఎంఆర్‌ఐ తీసుకోవాలనుకుంటున్నారా? అయితే కోడ్ కంటే ముందు ఆ బొమ్మలో ఏముందో చూడండి.

గుండెపోటు వచ్చాక డాక్టర్లు ఎడమ జఠరిక గోడ ఎలా కదులుతోందో గమనిస్తారు. గుండె ముడుచుకున్నప్పుడు ఆరోగ్యంగా ఉన్న గోడ లోపలికి వస్తుంది, మందమూ పెరుగుతుంది. రక్తం అందక దెబ్బతిన్న చోట ఆ కదలిక తగ్గుతుంది, లేదా ఆగిపోతుంది. ఒక్కోసారి ముడుచుకోవాల్సిన వేళ బయటికి ఉబ్బుతుంది కూడా. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2002లో ఇచ్చిన పద్ధతిలో ఈ గోడను 17 భాగాలు చేసి, ఒక్కోదానికి సాధారణంగా 1 నుంచి 4 వరకు మార్కులేస్తారు. 1 అంటే మామూలు, 4 అంటే ఉబ్బుతోందని. మన పరీక్షల్లా కాదు, ఇక్కడ మార్కులు పెరిగితే కంగారుపడాలి.

కొట్టుకునే గుండెను ఒక్క క్లిక్కుతో తీయడం కష్టం. ఈసీజీ ఆధారంగా చాలా స్పందనల నుంచి కొంచెం కొంచెం డేటా పోగుచేసి, ఒక్క స్పందనను 20-30 ఫ్రేముల వీడియోగా కూరుస్తారు. అదే సినీ ఎంఆర్‌ఐ. స్లైసు తీసేటప్పుడల్లా పేషెంటు ఊపిరి బిగబట్టాలి. ప్రతిసారీ సరిగ్గా ఒకే చోట ఆపలేరు కదా, అందుకే పక్కపక్క స్లైసుల్లో గుండె కాస్త జరిగినట్టు కనిపిస్తుంది. కోడ్‌లో బగ్ అనుకుని రాత్రంతా కూర్చోకండి. నేను కూర్చున్నా.

డేటా కోసం 2017లో వచ్చిన ఏసీడీసీ చూడండి. ఫ్రాన్స్‌లోని డిజాన్ ఆస్పత్రిలో తీసిన 150 మంది స్కాన్లు అందులో ఉన్నాయి. గుండె నిండినప్పుడు ఒకటి, ముడుచుకున్నప్పుడు ఒకటి, రెండు ఫ్రేముల్లో కండరం హద్దులు నిపుణులు గీసి ఇచ్చారు. పైథాన్ వస్తే చాలు, మొదలుపెట్టొచ్చు.

అసలు చిక్కు ఇక్కడుంది. ఆ బొమ్మల్లో ఒక పిక్సెల్ దాదాపు 1.5 మిల్లీమీటర్లు. దెబ్బతిన్న గోడ మందం 6 మిల్లీమీటర్లు అనుకుందాం. అది ముడుచుకోవడం లేదు కాబట్టి రెండో ఫ్రేములోనూ 6 ఉండాలి. అక్కడ మీ మోడల్ ఒక్క పిక్సెల్ ఎక్కువ గీసిందనుకోండి, 7.5 అవుతుంది. అంటే మందం 25 శాతం పెరిగినట్టు లెక్క. కదలని గోడ కదిలిపోయింది! డైస్ స్కోరు మాత్రం 0.9 దగ్గర హాయిగా ఉంటుంది. ఎందుకంటే అది కండరం మొత్తాన్ని కలిపి చూస్తుంది, ఒక మూల జరిగిన తప్పు అందులో కొట్టుకుపోతుంది.

కాబట్టి డేటాను స్లైసుల వారీగా కాదు, పేషెంట్ల వారీగా విడగొట్టండి. రిపోర్టులో ఒక్క స్కోరుతో సరిపెట్టకుండా, ఏ భాగంలో మందం ఎన్ని మిల్లీమీటర్లు తప్పిందో రాయండి. గుండె కొన దగ్గర మోడళ్లు తరచూ తడబడతాయి. అలాంటి బొమ్మలు నాలుగైదు విడిగా దాచుకోండి. తర్వాతి ఇంటర్వ్యూలో నేను ల్యాప్‌టాప్ తీసి ముందు చూపించింది వాటినే. అరగంట వాటి మీదే మాట్లాడుకున్నాం.