ఊరు నేర్పు చదువు

2018లో భూపాలపల్లిలో డిగ్రీ మొదటి సంవత్సరమున చేరిన విద్యార్థికి రామప్ప దేవాలయము తన జిల్లాలోనిది. ఆ చదువు ఏడాది నిండకమునుపే, 2019 ఫిబ్రవరి 17న, ములుగు వేరు జిల్లా యైనది. పాలంపేట ఆ వైపునకు పోయినది. 2021 జూలై 25న యునెస్కో ఆ గుడికి ప్రపంచ వారసత్వ స్థానము నిచ్చునాటికి అది పొరుగు జిల్లా సొత్తు. రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి మాత్రము ఉన్నచోటనే యున్నది.

స్థానిక వారసత్వమును కళాశాలలలో పాఠముగా చెప్పవలె నను వారు ముందుగా ఆలోచింపవలసిన చిక్కు ఇదియే. ‘మనది’ అను మాటకు జిల్లా హద్దు కొలబద్ద కానేరదు. అయినను ఈ పాఠమునకు ఇప్పుడు తొందర యున్నది. 2016 అక్టోబరు 11న పాత వరంగల్లు జిల్లానుండి విడివడి జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లా కేంద్రము లైనవి. కచేరీలు వచ్చినవి, రోడ్లు వెడల్పైనవి. పాత పెంకుటిండ్ల చోట మేడలు లేచుచున్నవి. పట్టణమొకటి పెరుగునప్పుడు మొదట పోవునది దాని జ్ఞాపకము. ఆ జ్ఞాపకమును వ్రాసి పెట్టగల యువకులు ఆ యూరి కళాశాలలోనే కూర్చుండి ఎచటి తాజమహలును గూర్చియో, చార్మినారును గూర్చియో జవాబులు వల్లించుచున్నారు.

సాధనములు లేవనుటకు వీలులేదు. 1976లో ఏర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయమున చరిత్రతో పర్యాటక నిర్వహణమును జోడించిన శాఖ కలదు. ప్రభుత్వ కళాశాలల విద్యార్థులు తామే అంశము నెన్నుకొని పరిశీలించి వ్రాయుటకు కళాశాల విద్యాశాఖవారి ‘జిజ్ఞాస’ పథకము కలదు. ఇక కావలసినది పద్ధతి. 1892లో స్కాట్లండునందలి ఎడింబరోలో పాట్రిక్ గెడ్డెస్ అను పండితుడు ఒక పాత మేడను చేపట్టి, పైకెక్కి నగరమును కన్నులార చూచిన పిదపనే క్రింది అంతస్తులలో దేశమును, ఖండమును, ప్రపంచమును వరుసగా పరిశీలించునట్లు ఏర్పాటు చేసెను. ఆయనయే 1914 మొదలు మన దేశపు నగరములు పెక్కింటిలో కాలినడకను సందులు తిరిగి, 1919లో బొంబాయి విశ్వవిద్యాలయమున సమాజ శాస్త్రాచార్యు డయ్యెను. కాళ్లతో చూచిన తరువాతనే కలము పట్టవలె ననుట ఆయన మతము.

జనగామ విద్యార్థికి అంతదూరపు నడక యక్కరలేదు. పెంబర్తి ఊరి ప్రక్కనే యున్నది. అచటి విశ్వకర్మలు ఇత్తడి రేకును లక్కపై నమర్చి, ఉలితో, సుత్తితో వెనుకనుండి పొడిచి బొమ్మ లేపుదురు. ధ్వజస్తంభములకు తొడుగులు, గుడులకు కలశములు, దేవుని ఊరేగింపు వాహనములు ఆ చేతులనుండి వచ్చినవే. ఆ పనికి భౌగోళిక గుర్తింపు లభించినది. పర్యాటక శాస్త్రమున ‘హస్తకళలు’ అని ఒక పంక్తిలో ముగించు విషయము ఇచట ఒక సంవత్సరపు చదువు. రేకు ఎచటినుండి వచ్చును? వెల ఎవరు కట్టుదురు? కొడుకు తండ్రి పని నేర్చుచున్నాడా, పట్నమునకు పోవుచున్నాడా? ఇవి అడుగని విద్యార్థి దుకాణములో జ్ఞాపికను కొన్న యాత్రికునికంటె అధికముగా నెరిగిన దేమియు లేదు.

ఇంతకంటె కఠినమైన పరీక్ష బమ్మెరలో కలదు. పోతన పొలమని, సమాధియని అచట చూపుదురు. కడప సీమలోని ఒంటిమిట్టవారును పోతన తమవాడే యందురు. భాగవతమున కనిపించు ‘ఏకశిలానగరము’ ఓరుగల్లే యని ఒకరు, కాదు ఒంటిమిట్ట యని మరియొకరు. 2014లో రాష్ట్రము రెండైన పిదప ఈ వాదమునకు కొత్త యావేశము పుట్టినది. బమ్మెర పక్షమున బలమైన ఆధారములే యున్నవి. కాని జనగామ తరగతిలో ఒంటిమిట్ట వాదమును పూర్తిగా, ఎగతాళి లేకుండ వినిపింపని అధ్యాపకుడు చెప్పునది చరిత్ర కాదు, ప్రచారము. సొంత యూరిని గూర్చి నిజము చెప్పుట పరాయి యూరిని గూర్చి చెప్పుటకంటె కష్టము.

నిజమన్నప్పుడు యాత్రికుడు రాని చోట్లును లెక్కకు రావలెను. కడవెండిలో దొడ్డి కొమరయ్య 1946 జూలై 4న తుపాకి దెబ్బకు పడిపోయెను. పాలకుర్తి సోమనాథుని పేరుతో ఎంత ముడివడినదో, భూమికై దొరను ఎదిరించిన చాకలి ఐలమ్మ పేరుతోను అంతే ముడివడినది. గుడిమెట్ల నెక్కించి గడీ గోడను చూపక తిరిగి తెచ్చు విహారయాత్ర సగము యాత్ర.

మహబూబాబాదున పాఠము పేరుతోనే మొదలగును. రైల్వే పలకమీద ఒక పేరు, జనుల నోట మరియొకటి: మానుకోట. మ్రానుకోటయే మానుకోట యైనదందురు. నమ్మవచ్చునా యని తరగతిలోనే విచారింపవచ్చును. ఆ జిల్లాలోని బయ్యారమున గణపతిదేవుని సోదరి మైలమ త్రవ్వించిన ధర్మకీర్తి సముద్రము కలదు. ఆ చెరువు శాసనము కాకతీయుల తొలి తరముల పేళ్లను తెలిపి వారి వంశచరిత్రనే సరిచేసినది. దానిని విద్వల్లోకమునకు తెలిపినవారు పి.వి. పరబ్రహ్మశాస్త్రిగారు. డోర్నకల్లులో 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడిన కతీడ్రలును చూచినచో గుడి మంటపపు స్తంభములు, మసీదు మీనారులు, క్రైస్తవుల శిలువ ఒకే కట్టడమున నొదిగి యుండును. దానిని తలపెట్టిన బిషప్పు అజరయ్య ఆంగ్లికను సంఘమున తొలి భారతీయ బిషప్పు. ఇక ఇనుగుర్తియో, చిన్న పల్లె. అచటినుండి ఒద్దిరాజు సోదరులు 1922లో ‘తెనుగు పత్రిక’ను వెలువరించిరి. తెలుగు చదువు విద్యార్థులకు ఇంతకంటె మంచి తీర్థము లేదు.

భూపాలపల్లికి వచ్చునప్పటికి పలువురు రామప్ప పోయెనని నిట్టూర్తురు. ఘనపురము కోటగుళ్లు ఆ జిల్లాలోనే యున్నవి. ఒక్క ప్రాకారమున ఇరువది రెండు గుడులు. కాళేశ్వరము కలదు, పాండవుల గుట్టల రాతి చిత్రములు కలవు. అయితే పట్టణమునకు స్వంతమైన వారసత్వము వేరు. అది బొగ్గు. సింగరేణి గనులు, చేల్పూరు విద్యుత్కేంద్రము లేక ఆ పట్టణము ఈ రూపున లేదు. గనిలో దిగిన తొలి తరమువారు ముదుసళ్లైనారు. వారి మాటలను నేడు వ్రాసికొనకున్నచో కోటగుళ్ల శిల్పి పేరు మనకు తెలియనట్లే రేపు వీరి పేళ్లును తెలియవు.

ఈ చదువునకు అడ్డు వచ్చునది మేధ కాదు, మార్కులు. ఊరి పెద్దను కలిసి వ్రాసిన పది పుటలకు వల్లించిన జవాబుతో సమానముగా విలువ కట్టనిచో ఏ విద్యార్థియు ఎండలో తిరుగడు. పెంబర్తి పనివాడు ఒక పూట పని మాని చూపిన పనికి అతిథి ఉపన్యాసకునకువలెనే పారితోషిక మీయవలెను. కాలపట్టికయు కొంత సడలవలెను. వానలు నిండి బయ్యారము చెరువు అలుగు పారునది శ్రావణ భాద్రపదములలో. ఆ నెలలలో పాఠ్యక్రమమును ముగించు హడావిడిలో తరగతులన్నియు గదులలోనే యుండును. తీరిక దొరకు వేసవికి చెరువున నీరు అడుగంటును.