బంతులు ఏరిన చేతులే టైటిల్ గెలిచాయి: గోల్ఫర్ సిద్దికుర్ రహ్మాన్ ప్రయాణం

గోల్ఫ్ అంటే డబ్బున్నోళ్ల ఆట అని పేరు. వాళ్లు కొట్టిన బంతులు ఏరుకొచ్చే పిల్లాడు అదే ఆటతో రోజీ సంపాదించుకోగలడా? బంగ్లాదేశ్ గోల్ఫర్ సిద్దికుర్ రహ్మాన్ సంపాదించాడు. అయితే ఆ దారి ఎంత కష్టమో తెలియాలంటే ముందు ఈ ఆటలో డబ్బు ఎలా వస్తుందో తెలుసుకోవాలి.

సిద్దికుర్ 1984లో మదారీపూర్ జిల్లాలో ఒక పేద కుటుంబంలో పుట్టాడు. చిన్నప్పుడే ఢాకాలోని కుర్మిటోలా గోల్ఫ్ క్లబ్‌లో బాల్ బాయ్‌గా చేరాడు. తర్వాత క్యాడీ అయ్యాడు. అంటే ఆటగాళ్ల బ్యాగు మోస్తూ వెంట నడిచే పని. బంతిని కొట్టే క్లబ్ కొనే స్తోమత లేక, ఇనుప కడ్డీతో చేయించుకున్న క్లబ్‌తోనే ప్రాక్టీస్ చేశాడు. అమెచ్యూర్‌గా ఎన్నో టైటిళ్లు గెలిచి, 2005లో ప్రొఫెషనల్‌గా మారాడు.

ప్రొఫెషనల్ అయినంత మాత్రాన నెల జీతం రాదు. మామూలుగా ఒక టోర్నీ నాలుగు రోజులు, రోజుకు 18 హోల్స్ చొప్పున 72 హోల్స్ ఉంటుంది. తక్కువ షాట్లతో పూర్తి చేసినోళ్లే విన్నర్. రెండు రోజుల తర్వాత ‘కట్’ పెడతారు. దాన్ని దాటనివాళ్లు సాధారణంగా ప్రైజ్ మనీ లేకుండానే ఇంటికెళ్లాలి. విమానం టికెట్, హోటల్, క్యాడీ ఫీజు మాత్రం జేబులోంచే పోతాయి. ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఇది ఖర్చు ఖాయం, ఆదాయం అనుమానం అయిన వ్యాపారం. అందుకే స్పాన్సర్ దొరకడం అంత ముఖ్యం.

సిద్దికుర్ ఐదేళ్లు ఓపిక పట్టాడు. 2010లో బ్రూనై ఓపెన్ గెలిచి, ఏషియన్ టూర్ టైటిల్ సాధించిన తొలి బంగ్లాదేశీ అయ్యాడు. విన్నర్‌గా ప్రైజ్ మనీ అందింది. 2013లో ఢిల్లీ గోల్ఫ్ క్లబ్‌లో జరిగిన ఇండియన్ ఓపెన్‌లో అనిర్బన్ లాహిరి, ఎస్ఎస్‌పీ చౌరాసియాల కంటే ఒకే ఒక్క షాట్ ముందుండి గెలిచాడు. ఈసారి 2 లక్షల 25 వేల డాలర్లు వచ్చాయి. అదే ఒక్క షాట్ 2016లో మారిషస్ ఓపెన్‌లో ఎదురు తిరిగింది. అక్కడ రెండో స్థానంతో సరిపెట్టుకున్నాడు.

అదే ఏడాది, 112 ఏళ్ల తర్వాత గోల్ఫ్ ఒలింపిక్స్‌లోకి తిరిగొచ్చింది. అంతవరకు బంగ్లాదేశ్ అథ్లెట్లు వైల్డ్ కార్డులతోనే ఒలింపిక్స్‌కు వెళ్లేవారు. సిద్దికుర్ మాత్రం ర్యాంకింగ్ మీద నేరుగా క్వాలిఫై అయ్యాడు. రియో ప్రారంభోత్సవంలో దేశం జెండా పట్టుకుని ముందు నడిచాడు. పతకం రాలేదు. 60 మందిలో వెనక వరుసలోనే మిగిలాడు.

పిల్లల్ని ఆటల్లోకి పంపాలా వద్దా అని ఆలోచించే తల్లిదండ్రులు ఈ లెక్క రెండు వైపులా చూడాలి. పేదరికం సిద్దికుర్‌ను ఆపలేదన్నది నిజం. మొదటి పెద్ద గెలుపుకు ఐదేళ్లు పట్టిందన్నదీ అంతే నిజం. మెహనత్‌తో పాటు ఆ ఐదేళ్లు ఇల్లు గడిచే దారి కూడా చూసుకోవాలి. అందుకే తాలీం వదిలేయకుండా ఆట నేర్పించడమే మేలు.