కాపలా కణాలే ఆయాసం తెస్తే...

శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలోని భావనపాడు లాంటి తీరపు పల్లెల్లో వేట మగవాళ్లదైతే, చేపల్ని ఉప్పుపట్టించి ఇసుకమీద ఎండబెట్టడం, గంపకెత్తుకుని సంతలో అమ్మడం చాలావరకు ఆడవాళ్ల పని. ఈ పనిలో ఉన్న కొందరికి ఎండుచేపలు తిరగేసేటప్పుడు లేచే పొడికి ముందు తుమ్ములు, ఆపైన ఛాతీ పట్టేసి పిల్లికూతలు మొదలవుతాయి. 'పుట్టినప్పట్నించీ ఈ వాసనలోనే ఉన్నాం కదా, ఇప్పుడెందుకు పడదూ?' అనిపించడం సహజమే. పట్నంలో రొయ్యలు ఉడికిస్తూ ఆవిరి తగలగానే దగ్గొచ్చే ఇల్లాలికీ ఇదే సందేహం.

నిజానికి ఈ పడకపోవడం ఒక్కరోజులో వచ్చేది కాదండీ. కొన్నాళ్లు పీల్చిన తర్వాతే వస్తుంది. మన ఊపిరి గొట్టాల లోపలి పొరలో కాపలా కణాలుంటాయి. గాలితో వచ్చిన చేప పొడినో, పరుపు దుమ్ములోని పురుగుల రెట్టనో పట్టుకుని టి కణాలకు చూపిస్తాయి. చాలామందిలో అవి 'దీంతో అపాయం లేదులే' అని ఊరుకుంటాయి. ఎలర్జీ తత్వం ఉన్నవాళ్లలో మాత్రం టి కణాల్లో ఒక రకం, కడుపులో నులిపురుగులు చేరినంత హడావిడి చేస్తుంది. దాని మాట విని బి కణాలు 'ఐజిఇ' అనే ప్రతిరక్షకాన్ని తయారుచేస్తాయి. దీన్ని 1966లో అమెరికాలో పనిచేస్తున్న జపాన్ దంపతులు కిమిషిగే, తెరుకో ఇషిజాకాలు కనిపెట్టారు.

ఈ ఐజిఇ వెళ్లి మాస్ట్ కణాలకు అంటుకుని కూర్చుంటుంది. మళ్లీ అదే పొడి తగిలిందా, నిమిషాల్లో మాస్ట్ కణాలు హిస్టమిన్ వగైరాలను కుమ్మరిస్తాయి. గొట్టాల కండరాలు బిగుసుకుంటాయి, ఆయాసం. అది తగ్గింది కదా అని నిద్రకు ఉపక్రమిస్తే, కొన్ని గంటల తర్వాత రెండో దాడి! టి కణాలు పిలిచిన ఇయోసినోఫిల్స్ గుంపుగా చేరి గొట్టాల పొరను దెబ్బతీస్తాయి. వాపు, జిగురు తెమడ. మన ఇళ్లలో 'ఈస్నోఫీలియా' అని చెప్పుకునేది రక్తంలో ఈ కణాలు పెరగడాన్నే. అది జబ్బు పేరు కాదు, ఒక ఆనవాలు మాత్రమే.

మరో చిత్రం. రొయ్యల్లోని ఒక ప్రొటీనుకు దగ్గర పోలికలున్నవి బొద్దింకల్లోనూ, దుమ్ము పురుగుల్లోనూ ఉన్నాయి. రొయ్యలు పడనివాళ్లలో కొందరికి ఇల్లు ఊడిస్తే తుమ్ములు రావడానికి ఇదీ ఒక కారణం.

పంపంటే భయమెందుకు?

'పంపు అలవాటైపోతుంది', 'పెళ్లికావాల్సిన పిల్ల, ఎవరైనా చూస్తే సంబంధం తప్పిపోతుంది'... ఈ మాటలతో ఎందరు ఆడపిల్లలు చాటుగా ఆయాసపడుతున్నారో! ఆయాసం వచ్చినప్పుడు వెంటనే పీల్చే పంపు, చాలామటుకు నీలం రంగుది, బిగిసిన కండరాన్ని వదులు చేస్తుందంతే. లోపలి వాపు జోలికి పోదు. దాన్ని అణిచేది డాక్టరు రాసే స్టెరాయిడ్ పంపు. అందుకే నీలం పంపు ఒక్కదానితోనే నెట్టుకురావద్దని 2019లో అంతర్జాతీయ ఆస్తమా సంస్థ 'గినా' చెప్పింది. గర్భిణులు కూడా భయపడి తమంతట తాము మానేయకూడదు. అదుపులో లేని ఉబ్బసమే బిడ్డకు ఎక్కువ చేటు.

రాత్రిపూట దగ్గు, పిల్లికూతలు ఉండి, రక్తపరీక్షలో ఇయోసినోఫిల్స్ 3000 దాటితే మాత్రం ఫైలేరియా సంగతి డాక్టర్ని అడగండి. మన తీరంలో బోదకాలు కొత్త కాదు. ఆ క్రిములు ఊపిరితిత్తుల్లో చేరినా అచ్చం ఉబ్బసంలాగే ఉంటుంది, మందు వేరు. దానికి వాడే డిఇసి బిళ్ల 1947లో మన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం అమెరికాలో కనిపెట్టినదే.

చేపలు దులిపేటప్పుడు ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టుకుని, గాలికి వీపు పెట్టి నిలబడితే పొడి మొహానికి కొట్టదు. స్టెరాయిడ్ పంపు పీల్చాక నీళ్లు పుక్కిలించి ఉమ్మేయాలి, లేకపోతే నాలుకమీద తెల్లపూత వస్తుంది.