చెక్క ఇల్లంటే పేకమేడేనా?

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడిన పిల్లలు కొత్త ఇల్లు కట్టించుకుంటుంటే చూడటానికి వెళ్ళిన మన పెద్దవాళ్ళు చాలామంది గతుక్కుమంటారు. మూడున్నర అంగుళాల వెడల్పు, అంగుళంన్నర మందం ఉన్న కర్రల్ని పదహారు అంగుళాలకొకటి చొప్పున నిలబెట్టి, బయట చెక్క పలకలు, లోపల జిప్సం బోర్డు బిగిస్తే గోడ అయిపోయినట్టే. వేలితో కొడితే డొల్లగా మోగుతుంది. పిల్లర్లు వేసి కట్టిన ఇంటికి వందేళ్ళు ఢోకా లేదు, ఇది పేకమేడ అన్న మాట అక్కడే పుడుతుంది. ఈ మాటలో రెండు అపోహలున్నాయి: చెక్కకు బలం లేదని, కాంక్రీటుకు చావు లేదని. రెండోదే మనకు ఎక్కువ చేటు చేస్తోంది, మనం కట్టుకునేది దానితోనే కాబట్టి. నిజానికి ఏ ఇంటి ఆయుష్షయినా దాని అతుకుల్లోనూ, నీళ్ళు చొరబడకుండా దాన్ని కాపాడిన తీరులోనూ ఉంటుంది.

ముందు బలం సంగతి. భూమి కంపించినప్పుడు ఇల్లు ఎంత బరువుంటే దాని మీద అంత బలం పడుతుంది. ఘనమీటరు కాంక్రీటు సుమారు 2,400 కిలోలు తూగితే, పైన్ లాంటి మెత్తజాతి కర్ర 500 కిలోలకు అటూ ఇటూ తూగుతుంది. 2001 జనవరి 26న భుజ్ దగ్గర భూకంపం వస్తే రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో కాంక్రీటు అపార్ట్‌మెంట్లు కుప్పకూలాయి. వాటిలో చాలావాటికి కింది అంతస్తులో గోడలు లేవు, పార్కింగ్ కోసం ఉత్త పిల్లర్లే వదిలారు. 2005 అక్టోబరులో కశ్మీర్ కంపించినప్పుడు చెక్క చట్రాల మధ్య రాయీ మట్టీ నింపి కట్టిన ధజ్జీ దేవారీ ఇళ్ళు, పక్కనున్న చాలా కట్టడాల కంటే మెరుగ్గా తట్టుకున్నాయి. అయితే 1995లో జపాన్‌లోని కోబేలో వేలమంది చనిపోయింది పాత చెక్క ఇళ్ళ కిందేగా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. ఆ ఇళ్ళ నెత్తిన బరువైన మట్టి పెంకులుండేవి, ఆ బరువును ఆపే ఏటవాలు బిగింపులు గోడల్లో సరిపడా లేవు. 1981 తర్వాతి నిబంధనలతో కట్టిన చెక్క ఇళ్ళు అదే ఊళ్ళో చాలా మెరుగ్గా నిలిచాయి. చెక్క అదే, అతుకు వేరు.

ఇక కాంక్రీటు చిరంజీవి అన్న నమ్మకం. కాంక్రీటు లోపల ఇనుముంది, ఇనుముకు తుప్పుంది. తుప్పు పట్టిన ఊచ ఉబ్బుతుంది, ఉబ్బి చుట్టూ ఉన్న కాంక్రీటును పగలగొడుతుంది. విశాఖలోనో మచిలీపట్నంలోనో పాత ఇంట్లో తలెత్తి చూస్తే శ్లాబు అడుగున ఇటుకరంగు చార, దాని పక్కన సన్నని పగులు, కొన్నేళ్ళకు పెచ్చు ఊడి నల్లబడిన ఊచ కనపడతాయి. సముద్రపు గాలి తగిలే కాంక్రీటులో ఊచ మీద కనీసం 45 మిల్లీమీటర్ల కవరు (ఊచను కప్పి ఉంచే కాంక్రీటు పొర) ఉండాలని మన ఐఎస్ 456 ప్రమాణం చెబుతుంది. పని జరిగే చోట ఊచల కింద కవర్ బ్లాకులకు బదులు చేతికందిన కంకర రాయి పెడతారు. మనుషులు తొక్కితే ఊచ సెంట్రింగు మీదికి దిగిపోతుంది. పోయడం సులువవుతుందని మాలులో నీళ్ళు ఎక్కువ కలుపుతారు, వారమైనా తడపకుండా వదిలేస్తారు. అలాంటి శ్లాబు ముప్ఫై ఏళ్ళకే మరమ్మతుకొస్తే ఆశ్చర్యమేముంది? మరోవైపు, జపాన్‌లో హోర్యూజీ అయిదంతస్తుల చెక్క గోపురం సుమారు 1,300 ఏళ్ళుగా నిలిచి ఉంది. గోదావరి జిల్లాల మండువా లోగిళ్ళలో టేకు స్తంభాలు వందేళ్ళు దాటినా గట్టిగా ఉన్నవి ఇప్పటికీ చూడవచ్చు. వాటి రహస్యం ఒక్కటే: పొడవాటి చూరు వానను దూరం పెట్టింది, స్తంభం కింది రాయి నేల చెమ్మను ఆపింది. కర్రలో తేమ ఇరవై శాతం లోపు ఉన్నంతకాలం బూజు దాన్ని కుళ్ళబెట్టలేదు.

నిప్పు విషయంలో మాత్రం కాంక్రీటుదే పైచేయి, అందులో వాదన లేదు. లావాటి దూలం పైన బొగ్గుపొర కట్టి మెల్లగా కాలుతుంది గానీ, అమెరికా ఇళ్ళ సన్నకర్రలకు ఆ వెసులుబాటు లేదు. వాటికి రక్ష ఆ డొల్లగా మోగే జిప్సం బోర్డే. దానిలో బంధించి ఉన్న నీరు ఆవిరయ్యేదాకా వేడి లోపలికి పోదు. తుపాను విషయానికొస్తే, 1992లో ఆండ్రూ హరికేన్ ఫ్లోరిడాలో ఎన్నో ఇళ్ళ కప్పుల్ని అతుకుల దగ్గరే పీకేసింది. ఆ తర్వాతే అక్కడి నిబంధనలు బిగిశాయి.

మరి మనం చెక్క ఇల్లు కట్టుకోవాలా? ఆంధ్రలోనూ తెలంగాణలోనూ ఇవాళ్టికి కాంక్రీటే సరైన ఎంపిక అని నా అభిప్రాయం. చెదలు ఎక్కువ, మందు పట్టించిన మంచి కర్ర ఖరీదు, ఆ చట్రం కట్టే వడ్రంగులు దొరకరు, పైన ఇంకో అంతస్తు వేసుకోవాలన్న ఆశ ఎలాగూ ఉంటుంది. ఇవన్నీ కాంక్రీటును ఎంచుకోవడానికి మంచి కారణాలే. అది కలకాలం ఉంటుందన్నది మాత్రం కారణం కాదు. అందుకే శ్లాబు వేసే రోజు పొద్దున్నే, మిక్సర్ తిరగకముందే, మేస్త్రీని పక్కన పెట్టుకుని ఊచ కింద స్కేలు పెట్టి కొలవండి. కవర్ బ్లాకులు లేకపోతే పని ఆపించండి. కాంక్రీటు పోశాక ఆ ఖాళీ ఎంతుందో మళ్ళీ కంటితో చూసే వీలుండదు.