ఉపాధ్యాయ శిక్షణము: విశ్వవిద్యాలయమునకు, పాఠశాలకు గల పొత్తు

నీటిలో దిగక ఈత నేర్చినవాడు లేడు. బోధనవిద్యయు నట్టిదే. విషయజ్ఞానమును, శిశుమనస్తత్వమును, బోధనపద్ధతులను విశ్వవిద్యాలయము నేర్పగలదు. కాని నలువదిమంది పిల్లలు కూర్చుండిన తరగతిలో ఒక్కనికి బోధపడని విషయమును మరల నెట్లు చెప్పవలెనో పాఠశాలయే నేర్పవలెను. ఈ రెండు తావులును సామాన్యముగా వేర్వేరు యాజమాన్యముల క్రింద నుండును. కావున వాని నడుమ గల పొత్తు ఎట్టిదో అభ్యర్థి పొందు శిక్షణమును అట్టిదే యగుచున్నది.

పూర్వచరిత్ర

ఉపాధ్యాయులకు శిక్షణాలయములు నెలకొల్పవలెనని 1854 నాటి వుడ్ విద్యాపత్రము సూచించెను. మద్రాసులో 1856లో ప్రారంభమైన ప్రభుత్వ నార్మల్ పాఠశాల కాలక్రమమున సైదాపేట ఉపాధ్యాయ కళాశాలగా పరిణమించెను. తెలుగు జిల్లాలు మద్రాసు రాజధానిలో చేరియున్న కాలమున తెలుగు ఉపాధ్యాయులును అచట శిక్షణము పొందిరి. బోధనాభ్యాసమునకై కళాశాలకు చేరువనే ఒక పాఠశాల నుంచుకొనుట ఇట్టి సంస్థలలో సంప్రదాయ మయ్యెను.

కాలము గడచినకొలది అభ్యర్థుల సంఖ్య పెరిగెను. ఒక్క పాఠశాల చాలదయ్యెను. అంతట కళాశాలలు ఊరిలోని ఇతర పాఠశాలల తరగతులను కొలది దినములకు అరువు పుచ్చుకొనసాగెను. అభ్యర్థి వచ్చును, ముందుగా వ్రాసికొన్న పాఠమును ఒప్పగించును, పరిశీలకుని సంతకము గైకొని వెడలిపోవును. పాఠము పిల్లలకు వచ్చినదో లేదో విచారించు బాధ్యత అతనికి లేదు. అతడు వెళ్లిన పిదప తరగతి ఉపాధ్యాయుడు ఆ పాఠమునే మరల చెప్పుకొనవలసి వచ్చును. 1964-66 నడుమ పనిచేసిన కొఠారీ సంఘము ఈ లోపమునకు మూలమును గుర్తించెను. శిక్షణ సంస్థలు విశ్వవిద్యాలయ జీవనమునకును, పాఠశాలలకును, ఒండొంటికిని ఎడమై యున్నవనియు, ఆ ఎడమును తొలగింపవలెననియు అది సూచించెను.

మైసూరు ప్రయోగము

జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి 1961లో ఏర్పడెను. 1963లో ఆ మండలి పక్షమున అజ్మీరు, భోపాలు, భువనేశ్వరము, మైసూరు నగరములలో ప్రాంతీయ విద్యా కళాశాలలు వెలసెను. నేడవి ప్రాంతీయ విద్యాసంస్థలని పిలువబడుచున్నవి. మైసూరు కళాశాల మైసూరు విశ్వవిద్యాలయమునకు అనుబంధమై నాలుగేండ్ల సమగ్ర పట్టశిక్షణమును నడపెను. విజ్ఞానశాస్త్రమును, బోధనశాస్త్రమును విద్యార్థి ఏకకాలమున అభ్యసించుట దాని విశేషము. దానికి అనుబంధముగా ఒక ప్రదర్శన పాఠశాలయు కలదు.

ఐనను సదుపాయములు గల సొంత పాఠశాలలో మాత్రమే అభ్యసించినవానికి సాధారణ పాఠశాలలోని కొరతలు తెలియవు. కావున అభ్యర్థులను కొన్ని వారములపాటు బయటి పాఠశాలలకు పంపు పద్ధతి యేర్పడెను. పంపుటకు పూర్వము ఆ పాఠశాలల ప్రధానోపాధ్యాయులను, మార్గదర్శకులగు ఉపాధ్యాయులను పిలిచి సమావేశము జరుపుట ఇందలి కీలకము. ఏ తరగతి, ఏ పాఠ్యభాగము, ఎవరి పర్యవేక్షణము అను సంగతులు ఇట్టి సమావేశమున ముందే నిర్ణయింపవచ్చును. అప్పుడు పాఠశాల తరగతిని అరువిచ్చునది కాక, శిక్షణములో భాగస్వామి యగును.

పొత్తు నిలుచు విధము

జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి 2014లో ప్రకటించిన నిబంధనలు రెండేండ్ల బి.ఇడి. శిక్షణములో కనీసము 20 వారముల పాఠశాలానుభవమును విధించెను. ఉపాధ్యాయ విద్య నొసగు ప్రతి ఉన్నత విద్యాసంస్థకును సన్నిహితముగా పనిచేయు ప్రభుత్వ, ప్రైవేటు పాఠశాలల సముదాయ ముండవలెనని 2020 నాటి జాతీయ విద్యావిధానము పేర్కొనెను. కాని వారముల సంఖ్య పెరిగినంతమాత్రమున పొత్తు కుదురదు. అందుకు మూడు నియమము లావశ్యకములు. మార్గదర్శకుడగు ఉపాధ్యాయునికి ఆ పనికై వేళ కేటాయింపవలెను. తన పనికి తోడు మోయు భార మెన్నడును శ్రద్ధగా సాగదు. అభ్యర్థి యోగ్యతను నిర్ణయించునప్పుడు అతని మాటకు విలువ యుండవలెను. విశ్వవిద్యాలయ ఆచార్యుడును పరీక్షనాడు మాత్రమే కాక పలుమార్లు వచ్చి, చదువులో వెనుకబడిన పిల్లల విషయమున పాఠశాలకు తోడ్పడవలెను. ఇచ్చుట యెరుగని పొత్తు ఎంతోకాలము నిలువదు.

తెలుగు పిల్లలకు దీనితో గల సంబంధము

ప్రాథమిక దశలో అల్పసంఖ్యాక భాషావర్గముల పిల్లలకు మాతృభాషలో బోధించుటకు తగిన సదుపాయములు కల్పింప యత్నింపవలెనని, 1956లో రాజ్యాంగమున చేర్చబడిన 350-ఎ అధికరణము చెప్పుచున్నది. గదియు, పుస్తకమును ఉండి ఉపాధ్యాయుడు లేనిచో అది సదుపాయము కాజాలదు. హోసూరు, బళ్లారి, బరంపురము, షోలాపురముల తెలుగు బిడ్డ ఇంట తెలుగును, వీధిలో తమిళమునో, కన్నడమునో, ఒడియానో, మరాఠీనో వినును. ఇంటి మాటలో ఆ భాషల పదములును కలసియుండును. తెలుగునాట మాత్రమే బోధనాభ్యాసము చేసిన ఉపాధ్యాయుడు ఆ పలుకును తప్పని దిద్దబోవును. అట్టి తరగతిలో కొన్ని వారములు గడపినవాడు దానినే మెట్టుగా చేసికొని పుస్తకపు తెలుగునకు దారి చూపగలడు. మరియొక ప్రక్క, రాష్ట్రభాషా తరగతులలోనే అభ్యాసము ముగించిన తెలుగు అభ్యర్థి ఒక్క తెలుగు పాఠమైనను చెప్పకయే పట్టము పొందును.

ఈ కొరతను తీర్చు మార్గము దూరమున లేదు. కర్ణాటకము, తమిళనాడు, యానాముతో కూడిన పుదుచ్చేరి మైసూరు సంస్థ పరిధిలోనివి. ఒడిశా భువనేశ్వర సంస్థకును, మహారాష్ట్రము భోపాలు సంస్థకును చెందినవి. 1997లో కుప్పమున వెలసిన ద్రావిడ విశ్వవిద్యాలయము మూడు రాష్ట్రముల సరిహద్దులకు చేరువది. ఇట్టి సంస్థలు తమ భాగస్వామ్య పాఠశాలలలో తెలుగు చెప్పు పాఠశాల నొక్కదానినైన చేర్చుకొనవలెనని ఆయా ప్రాంతముల తెలుగు సంఘములు కోరవచ్చును. కోరుటతో పాటు, వచ్చిన అభ్యర్థికి బస చూపుటయు, అనుభవజ్ఞుడగు తెలుగు పండితుని మార్గదర్శకునిగా నిలుపుటయు సంఘముల వంతు. ఆ పండితుడు పదవీవిరమణము చేయకముందే, ఆయన తరగతిలో ఒక యువకుడో యువతియో కూర్చుండి ఆ పని నేర్చుకొనవలెను. ఆయన నేర్పు ఆయనతోనే ముగిసిపోయినచో, ఆ ఖాళీని పూరించు వారిని పిదప వెదకినను దొరకుట దుర్లభము.