అర్ధరాత్రి పంపు ఎందుకు తిరిగింది?

సినిమా షూటింగు జరిగేచోట నటీనటుల కోసం నిలిపి ఉంచే కారవాన్‌ను మీలో కొందరు చూసే ఉంటారు. అమెరికాలో ఇలాంటి బండ్లు సామాన్య కుటుంబాల వద్ద కూడా ఉంటాయి. వాటిని అక్కడ రిక్రియేషనల్ వెహికల్ అనీ, పొట్టిగా ఆర్‌వీ అనీ అంటారు. పడకలు, వంటగది, స్నానాలగది, మరుగుదొడ్డి అన్నీ చక్రాల మీదే. ఎల్లోస్టోన్ వంటి జాతీయవనాలను చూడబోయేవారు వీటిలోనే రోజుల తరబడి కాపురం చేస్తారు.

అలాంటి బండి ఒకటి అడవిలో ఆగి ఉందనుకుందాం. అర్ధరాత్రి. కుళాయిలన్నీ కట్టేసి ఉన్నాయి. అందరూ నిద్రపోతున్నారు. ఉన్నట్టుండి మంచం కిందనుంచి నీటిపంపు గుర్రుమని రెండు సెకన్లు తిరిగి ఆగిపోయింది. పావుగంటకు మళ్ళీ అదే చప్పుడు. నీరు ఎవరూ వాడటంలేదు కదా, మరి పంపు ఎందుకు తిరిగినట్టు?

ఇది తెలియాలంటే ఈ బండిలో నీరు ఎలా నడుస్తుందో చూడాలి. మన ఇళ్ళలో ట్యాంకు డాబా మీద ఉంటుంది. నీరు తన బరువుతో తానే కిందికి దిగుతుంది. 150 లీటర్ల నీటిని బండి పైకప్పు మీద పెడితే మలుపుల్లో బండి తూలుతుంది. అందుకే ట్యాంకును కింద అమర్చి, 12 వోల్టుల బ్యాటరీతో తిరిగే చిన్న డయాఫ్రం పంపుతో నీటిని గొట్టాల్లోకి నెడతారు. పంపుకు ప్రెషర్ స్విచ్ ఉంటుంది. గొట్టాల్లో పీడనం చదరపు అంగుళానికి సుమారు 55 పౌండ్లకు, అంటే వాతావరణ పీడనానికి మూడున్నర రెట్లకు పైగా చేరగానే ఆ స్విచ్ పంపును ఆపేస్తుంది. కుళాయి విప్పితే పీడనం పడిపోతుంది. 40 పౌండ్ల దగ్గర పంపు మళ్ళీ మొదలవుతుంది. ఈ అంకెలు పంపును బట్టి కొంత మారతాయి.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. మీరు కుళాయి విప్పారో లేదో పంపుకు తెలియదు. దానికి తెలిసిందల్లా పీడనమే. అర్ధరాత్రి అది తిరిగిందంటే పీడనం పడిందన్నమాట. రాత్రి చలికి వేడినీటి ట్యాంకు చల్లారి నీరు కాస్త కుంచించుకుపోయినా పీడనం పడుతుంది. కనుక ఒక్కసారి తిరిగి ఊరుకుంటే కంగారుపడనక్కరలేదు. పదేపదే తిరుగుతోందంటే మాత్రం నీరు ఎటో పోతున్నట్టే. పోవడానికి రెండే దారులు: ముందుకు లేదా వెనక్కు.

ముందుకు పోతుంటే ఎక్కడో తడి ఉండాలి. టార్చిలైటు, పొడి కాగితం పట్టుకుని సింకుల కింద ప్రతి అతుకునూ తుడిచి చూడాలి. రోడ్డు కుదుపులకు ప్లాస్టిక్ నట్లు వదులవడం మామూలే. చేత్తో బిగిస్తే సాధారణంగా సరిపోతుంది; పానాతో బలంగా తిప్పితే పగులుతాయి. మరుగుదొడ్డి వాల్వు విషయంలో మోసపోకండి. అక్కడ కారే నీరు గిన్నెలోనుంచి కింది ట్యాంకులోకి జారిపోతుంది గనుక నేల పొడిగానే ఉంటుంది.

ఎక్కడా తడి లేదా? అయితే నీరు వెనక్కు పోతోంది. పంపులో నీటిని ఒకవైపుకే పోనిచ్చే కవాటం ఉంటుంది. సైకిలు ట్యూబు వాల్వు వంటిదే. అందులో ఇసుక రేణువు ఇరుక్కున్నా చాలు, గొట్టాల్లోని నీరు తిరిగి ట్యాంకులోకే పోతుంది. బయట ఒక్క చుక్క కూడా కనబడదు. దీన్ని పట్టుకునే పరీక్ష నాకెంతో ముచ్చటగా తోస్తుంది. బండ్లు ఆగే క్యాంపుల్లో బయటి కుళాయికి గొట్టం తగిలించి నేరుగా నీరు తీసుకోవచ్చు. అలా తగిలించి, పంపు స్విచ్ ఆపేసి, ట్యాంకులో నీరు ఎంతవరకు ఉందో గుర్తుపెట్టుకోండి. కొన్ని గంటల తర్వాత ఎవరూ నింపకుండానే మట్టం పెరిగిందా, అనుమానించవలసింది ఆ కవాటాన్నే. ట్యాంకు నింపడానికి వేరే వాల్వు ఉన్న బండ్లలో అది గట్టిగా మూసుకుందో లేదో కూడా చూడాలి.

దీనికి సరిగ్గా తలకిందులైన సమస్య మరొకటి. పంపు ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది, కుళాయి మాత్రం గాలితో చిమ్ముతుంది. ట్యాంకు నిండుగానే ఉంది. ఈసారి లోపం ట్యాంకుకూ పంపుకూ మధ్య ఉంటుంది. పంపు పీల్చేటప్పుడు ఆ గొట్టంలో పీడనం బయటి గాలి కంటే తక్కువ. అందుకే చిల్లు గుండా నీరు బయటికి రాదు, గాలే లోపలికి పోతుంది. కొబ్బరిబోండాంలో వేసిన గొట్టానికి చిల్లు పడితే ఏమవుతుందో మీకు తెలిసిందే. పంపు ముందుండే జల్లెడ మూత దగ్గరి రబ్బరు వాషరును చూడాలి.

ఇక వాడిన నీటి సంగతి. సింకుల నీరు గ్రే ట్యాంకులోకి, మరుగుదొడ్డి నీరు బ్లాక్ ట్యాంకులోకి పోతాయి. కొత్తవారు చేసే పెద్ద పొరపాటు ఇక్కడే. క్యాంపులో మురుగు గొట్టం తగిలించాక, ఎప్పటికప్పుడు ఖాళీ అవుతుంది కదా అని బ్లాక్ ట్యాంకు వాల్వు తెరిచే ఉంచుతారు. నీరు జారిపోతుంది, మలం, కాగితం మిగిలి గట్టిపడి గుట్టగా పేరుకుంటాయి. వాల్వు మూసి, ట్యాంకు మూడింట రెండు వంతులైనా నిండాక ఒక్కసారిగా తెరిస్తే ఆ ప్రవాహమే అన్నింటినీ ఊడ్చుకుపోతుంది. ఖాళీ చేశాక కూడా మీటరు ‘నిండింది’ అనే చూపిస్తే మీటరును తిట్టుకోనవసరంలేదు. ట్యాంకు గోడకున్న లోహపు మేకులకు తడి కాగితం అంటుకుంటే విద్యుత్తు అక్కడా ప్రవహిస్తుంది, మీటరు దాన్ని నీరే అనుకుంటుంది.

మళ్ళీ పంపు దగ్గరికి వద్దాం. కవాటం మార్చేదాకా రాత్రిపూట పంపు స్విచ్ ఆపేస్తే నిద్ర చెడదు. బండి నడిచేటప్పుడైతే దాన్ని ఆపి తీరాలి. కుదుపుకు ఏదో ఒక గొట్టం ఊడిందనుకోండి. పీడనం పడింది కాబట్టి ఎవరో కుళాయి విప్పారనే పంపు అనుకుంటుంది. నిమిషానికి 11 లీటర్ల చొప్పున తోడుతుంది. పావుగంట గడవకముందే అడవిలో తాగడానికి దాచుకున్న 150 లీటర్లూ ప్లైవుడ్ నేల మీదికి చేరతాయి. రోడ్డు చప్పుడులో ముందు సీటులో ఉన్నవారికి ఏమీ వినబడదు.